గడియారం వైపు గోల్

కుర్చీ కనిపిస్తే చాలు కూర్చోవాలనిపించే వయసు నాది. క్లబ్బు సెక్రటరీగారి గదిలో కుర్చీలకి కొదవ లేదు గానీ, ఆయన కూర్చోమనలేదు. నేనే ఒకటి లాక్కుని కూలబడ్డాను. రాత్రంతా స్టేషన్లోనూ, పొద్దుటినుంచి ఆసుపత్రి శవాల గది బయటా నిలబడిన కాళ్లు ఒక్కసారిగా తమది కాని బరువేదో దించుకున్నట్టు అనిపించింది.

"మీ మనిషి దొరికాడుగా ఇన్‌స్పెక్టర్? మళ్లీ ఎందుకొచ్చారు?" అన్నారు సెక్రటరీ.

"దొరికినవాడే ఆ మనిషి అవునో కాదో చూసుకుందామని."

నిన్న మధ్యాహ్నం ఈ పోలో క్లబ్బులో కప్పు ఫైనల్ జరిగింది. ఆట అయిపోయి బహుమతులివ్వబోతుండగా, గుర్రపుశాల పక్కనున్న జీన్ల గదిలో గుర్రాల మేస్త్రి శవం కనిపించింది. తలమీద ఒకే దెబ్బ. డాక్టరు 'గుండ్రటి, బరువైన వస్తువు' అన్నాడు. మేస్త్రి తమ్ముడు ఇక్కడే గుర్రాలకి నాడాలు కొడతాడు. అతని దగ్గర సుత్తి ఉంది. సుత్తి గుండ్రంగా ఉంటుంది. పైగా అన్నదమ్ములిద్దరూ నిన్న పొద్దున అందరికీ వినపడేలా పోట్లాడుకున్నారు. మా పెద్ద సారుకి ఇంతకన్నా ఏం కావాలి? ఈ సాయంత్రం కోర్టు మూసేలోగా తమ్ముణ్ణి హాజరుపరచమన్నారు. అక్కడిదాకా వెళ్తే ఆ కుర్రాడు మళ్లీ ఎప్పుడు బయటికొస్తాడో నాకు తెలుసు. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం అలాంటివాళ్లని చూడ్డంతోనే సరిపోయింది.

"గురువుగారూ, మీరు మారలేదు," అని కిటికీ దగ్గరనుంచి ఓ గొంతు నవ్వింది. "పండు చేతికిచ్చినా తొడిమ ఎక్కడుందని అడుగుతారు."

వాణ్ణి స్టేషన్లో అందరం పాలిష్ అనేవాళ్లం. బూట్లు అద్దంలా మెరవకుండా డ్యూటీకి వచ్చేవాడు కాదు. నా కిందే ఎస్సైగా పనిచేశాడు, నేనే పని నేర్పాను. తర్వాత ఖాకీ వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. ఇప్పుడు క్లబ్బు పరువు కాపాడ్డానికి వీణ్ణి పెట్టుకున్నారు. బూట్లు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

"నువ్వు మారావు," అన్నాను. "ఇదివరకు నేను ఉన్నచోట కిటికీకి ఆనుకుని నిలబడేవాడివి కాదు."

"ఇదివరకు మీరు జీతం కోసేవారు కదా!"

సెక్రటరీగారు చిరాకుపడ్డారు. పలచటి మనిషి, తెల్లటి మీసం, నిటారుగా కూర్చునే అలవాటు. గోడలనిండా ఫొటోలు. అన్నిటికీ పైన, రెండు ఇత్తడి కొక్కేల మీద ఒక పాత పోలో కర్ర పడుకోబెట్టి ఉంది. పొడుగాటి బెత్తం, చివర అడ్డంగా ఒక కొయ్య తల, ఆ తల కొసన ఆకుపచ్చ రంగు.

"మొదటి కెప్టెన్‌ది," అన్నారు నా చూపు పట్టుకుని. అంతే, ఆయన గొంతు మెత్తబడింది. "ఈ మైదానం ఒకప్పుడు పటాలం గుర్రాల మేతబీడు. నలుగురు మనుషులు, వెదురు దుంపని చెక్కి చేసిన బంతి. గోల్ స్తంభాల బదులు రెండు పీపాలు. అలా మొదలైంది మా క్లబ్బు. అప్పటి జట్టు రంగు ఆకుపచ్చ. రెండో కెప్టెన్ వచ్చాక మెరూన్ చేశాడు. ఇప్పుడు జీన్ల కింద గుడ్డ దగ్గర్నుంచి తలుపుల దాకా అంతా మెరూనే. ఆకుపచ్చ మిగిలింది ఆ కర్ర ఒక్కదానికే."

"బయట గంట వేలాడుతోంది, అది?"

"అదీ మొదటి కెప్టెన్ పెట్టిందే. మాకు లౌడ్‌స్పీకర్ లేదు, గుర్రాలు బెదురుతాయి. గోల్ పడితే గంట కొడతాం. ఒక్కటి కొడితే మాది, రెండు కొడితే అవతలివాళ్లది. మైదానం కనపడని గుర్రపుశాలలో పనిచేసేవాళ్లకి కూడా స్కోరు తెలియాలని పెట్టించాడు. పెద్ద మనసు."

"నిన్న మీరెక్కడున్నారు?"

"స్టాండులో. మొదటినుంచి చివరిదాకా."

"మొదటి సగం సరే, చాలామంది చూశారు. హాఫ్ టైం తర్వాత?"

ఆయన పాలిష్ వైపు చూశారు. పాలిష్ గొంతు సవరించుకున్నాడు.

"నేను పక్కనే ఉన్నాను గురువుగారూ. నన్ను ఆటకి పిలిచారు. స్టేట్‌మెంట్ కూడా ఇచ్చాను, మీ రైటరు రాసుకున్నాడు."

"ఆఖరి గోల్ చూశారా?"

"చూడకుండా ఎలా ఉంటాను?" అన్నారు సెక్రటరీ. "మా కెప్టెన్ మైదానం మధ్యలో బంతి అందుకున్నాడు. గడియారం వైపు తీసుకెళ్లాడు. ఇద్దరు అడ్డమొచ్చారు, తప్పించుకున్నాడు. సరిగ్గా గడియారం కింద స్తంభాల మధ్యనుంచి బంతి పోయింది. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను, అలాంటి గోల్ చూళ్లేదు."

"గడియారం వైపు," అన్నాడు పాలిష్, పాఠం అప్పజెప్పినట్టు.

నేను లేచాను. మోకాళ్లు టకటకమన్నాయి.

"మేస్త్రికీ మీకూ ఏమైనా తగువుందా?"

"నౌకరుతో నాకు తగువేంటయ్యా?" అన్నారాయన. తర్వాత చేతి గడియారం చూసుకుని, తనకి బయట పని ఉందని, తాళాలు పాలిష్ దగ్గర ఉంటాయని చెప్పి వెళ్లిపోయారు. నన్ను చూడలేదు. ఫొటోల్లో ఒకటి పక్కకి ఒరిగితే మాత్రం ఆగి సరిచేశారు.

*

జీన్ల గది గుమ్మంలో మేస్త్రి భార్య కూర్చుని ఉంది. శవం ఇంకా ఇంటికి రాలేదు. ఇంట్లో ఉండలేక ఇక్కడికొచ్చిందట. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"మా మరిదిని వదిలేస్తారా సార్?"

"సాయంత్రం దాకా చూడాలమ్మా."

"చూడ్డానికి ఏముంది? నేను కాపరానికొచ్చేటప్పటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. ఆయన వాణ్ణి కొడుకులా పెంచాడు. పొద్దున తిట్టుకున్న మాట నిజమే. మధ్యాహ్నానికి వాడే బజారుకెళ్లి, బహుమతుల వేళ అన్న వేసుకోవాలని కొత్త చొక్కా తెచ్చాడు. ఇస్త్రీ కూడా చేయించాడు. చంపేవాడు ఇస్త్రీ చేయిస్తాడా సార్?"

"ఎందుకు తిట్టుకున్నారు?"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"మేం ఉంటున్నది క్లబ్బు ఇల్లు సార్."

"మీ మరిది ఉంటున్నది మా ఇల్లు. దానికి కిటికీ కూడా లేదు."

అప్పుడు చెప్పింది. పోయిన ఏడాది ఆటలో ఒక ఆడగుర్రం పరిగెడుతూ ముందుకాళ్లమీద కూలిపోయింది. దానిమీదున్న కుర్రాడికి నడుం విరిగి మంచాన పడ్డాడు. ఆ కుర్రాడు కెప్టెన్‌కి స్వయానా బావమరిది. నాడా ఊడిందని సెక్రటరీగారు తేల్చారు. అంటే తప్పు నాడా కొట్టినవాడిది. అప్పట్నుంచి మేస్త్రి తమ్ముడు ఎవరి ముఖమూ చూడలేక తలొంచుకుని పనిచేస్తున్నాడు.

"నాడా ఊడలేదు సార్. ఆ గుర్రం కాలు అంతకుముందే బెణికింది. ఆయన వద్దన్నాడు. సెక్రటరీగారే నొప్పి తెలియకుండా సూది వేయించి ఆటకి దింపారు. అన్నం తింటున్నా అదే గుర్తొచ్చేది ఆయనకి. నిన్న బహుమతులిచ్చేప్పుడు అందరిముందూ చెప్పేస్తానన్నాడు. సెక్రటరీగారికి కూడా ముందే చెప్పాడు, చెప్పకుండా చెయ్యడం మర్యాద కాదని. 'అన్నా, నా పేరు ఎలా పోతే నాకేం, మనల్ని ఇల్లు ఖాళీ చేయిస్తారు, నోరు మూసుకో' అని వీడు. 'నీ పేరు పోతే నా పేరు ఉన్నట్టా?' అని ఆయన. అదీ తగువు."

"మీరు ఆయన్ని ఆఖరుసారి చూసింది?"

"హాఫ్ టైంలో టీ తెచ్చిచ్చాను. మూడున్నర అయ్యుంటుంది. జనమంతా మైదానంలోకి దిగి, గుర్రాల డెక్కలు లేపిన మట్టిపెళ్లల్ని కాళ్లతో తొక్కి సర్దుతున్నారు. అది వాళ్ల పద్ధతి, సూటూ బూటూ వేసుకున్నవాళ్లు కూడా దిగుతారు. ఆయన అక్కడే ఆ పెట్టెమీద కూర్చుని కళ్లెం తుడుస్తున్నాడు. బాగానే ఉన్నాడు. 'చక్కెర తక్కువైంది' అన్నాడు."

నేను లోపలికెళ్లాను. నిన్న మావాళ్లు జల్లెడ పట్టిన గదే. తోలు, నూనె వాసన. ఒక గోడకి జీన్లు. ఇంకో గోడకి మేకుల వరస, ఒక్కో మేకుకి ఒక్కో పోలో కర్ర, పట్టీతో తగిలించి. మెరూన్ పీటలు, మెరూన్ అలమర. మేస్త్రి ఆ పెట్టెమీద కూర్చుంటే వీపు తలుపువైపు ఉంటుంది. అంటే వచ్చినవాడి అడుగులు వినిపించినా పని ఆపలేదు. భయపడలేదు. లేదా లెక్కచెయ్యలేదు.

కర్ర ఒకటి దించి చూశాను. మామూలుగా బంతిని కొట్టేది కొయ్యతల పక్కభాగంతో. దాని కొసలు మాత్రం గుండ్రంగా, చిన్న డబ్బా మూతంత ఉన్నాయి. కొస వైపు తిప్పి గట్టిగా దించితే సుత్తికేం తీసిపోదు. అన్ని కర్రల కొసలూ మెరూనే. అన్నిటిమీదా నిన్నటి దుమ్ము. ఏదీ కడిగినట్టు లేదు.

నేలమీద కూర్చున్నాను. నిలబడలేక అని కూడా అనుకోవచ్చు. కూర్చుంటే తప్ప కనిపించనిది ఒకటి కనిపించింది. పెట్టె కాలికీ నేలకీ మధ్య సందులో ఒక పెచ్చు. గోరుతో బయటికి లాగాను. గట్టిపడిన పాత రంగు పెచ్చు, వేలి గోరంత.

ఆకుపచ్చది.

నిన్న మావాళ్లకి ఎందుకు కనిపించలేదంటే వాళ్లు రక్తం కోసం వెతికారు. రక్తం దొరికింది, వెళ్లిపోయారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే.

కానీ పెచ్చు ఒక్కటి చాలదు. ఎవరైనా ఆ కర్ర దించి ఉండొచ్చు అంటారు. సెక్రటరీగారికి స్టాండు ఉంది, పక్కన సాక్షి ఉన్నాడు. ఆ సాక్షి నా చేతిలో పెరిగినవాడు, కోర్టులో ఎలా నిలబడాలో నేనే నేర్పినవాడు.

*

కెప్టెన్ మైదానం అంచున ఒక గోధుమరంగు గుర్రాన్ని నడిపిస్తున్నాడు. జూలు కత్తిరించి ఉంది, తోక మడిచి కట్టి ఉంది. కప్పు గెలిచిన మనిషి ముఖంలా లేదు అతనిది.

"మేస్త్రి కట్టిన తోక సార్," అన్నాడు. "విప్పబుద్ధి కావట్లేదు."

"ఒక్క సంగతి చెప్పు బాబూ. నిన్న నీ ఆఖరి గోల్. గడియారం వైపు కొట్టావట?"

"కాదు సార్. నీళ్ల ట్యాంకు వైపు."

"సరిగా గుర్తు తెచ్చుకో."

"నేను కొట్టిన గోల్ నాకు గుర్తులేకపోవడం ఏంటి సార్? కొట్టిన ఊపుకి గుర్రం ఆగక ట్యాంకు గోడదాకా పోయాను. ఇదిగో, మోచెయ్యి గీసుకుపోయింది."

మోచెయ్యి చూపించాడు. నాకు తల తిరిగింది. పోలోలో ఒకవైపు నుంచి చూసేవాడికి అటు ఇటు తారుమారవుతుందేమో అనుకున్నాను. అదే అడిగాను.

"తారుమారయ్యేదే సార్ ఈ ఆట," అన్నాడు. మొదటిసారి కాస్త నవ్వాడు. "గాలి, ఎండ ఒక జట్టుకే కలిసిరాకూడదని, గోల్ పడ్డప్పుడల్లా రెండు జట్లూ వైపులు మార్చుకుంటాయి. ఇప్పటిదాకా గడియారం వైపు కొట్టేవాళ్లం, గోల్ పడగానే ట్యాంకు వైపు కొట్టాలి. కొత్తవాళ్లు చూస్తే పిచ్చెక్కుతుంది."

"నిన్న హాఫ్ టైం తర్వాత ఎలా జరిగిందో నెమ్మదిగా చెప్పు. నాకు పొద్దుటినుంచీ కాఫీ కూడా లేదు."

"హాఫ్ టైం అయ్యాక మేం గడియారం వైపు కొడుతున్నాం. వాళ్లు ఒక గోల్ వేశారు. వైపులు మారాయి. మేం ట్యాంకు వైపు. తర్వాత మాకొక గోల్. చివర్లో నేను వేసింది. అంతే, మూడే."

వేళ్లు మడిచాను. "మీకొక గోల్ పడ్డాక మళ్లీ మారాలి కదా? అప్పుడు మీరు గడియారం వైపు. నీ ఆఖరి గోల్ అటే పడాలి."

"అక్కడే ఉంది సార్ తిరకాసు. ఆ మధ్య గోల్ మేం కొట్టలేదు. బంతి లోపలికి పోయేలోగా వాళ్ల మనిషి నా గుర్రానికి అడ్డంగా పడ్డాడు. ప్రాణం పోయేంత ఫౌలు. అలాంటప్పుడు అంపైర్ ఆట ఆపి గోల్ ఊరికే ఇచ్చేస్తాడు. ఆ గోల్‌కి మాత్రం వైపులు మార్చరు. ఎన్నేళ్లకో ఒకసారి జరుగుతుంది. నిన్న స్టాండులో సగంమంది లేచి నిలబడి కేకలు."

"గంట కొట్టారా?"

"కొట్టారు. ఒక్కటి. గోల్ గోలే కదా సార్."

నేను గుర్రపుశాల వైపు చూశాను. అక్కణ్ణుంచి మైదానం కనపడదు. మధ్యలో ఎత్తుగా కంచెచెట్ల వరస. గంట మాత్రం వినిపిస్తుంది.

రెండు కొట్టారు: అవతలివాళ్ల గోల్, వైపులు మారాయి. ఒకటి కొట్టారు: మన గోల్, మళ్లీ మారాయి. ఇంకోటి కొట్టారు: మళ్లీ మన గోల్, కాబట్టి గడియారం వైపు. ఆట ఎరగనివాడైతే 'ఎటో పడింది, సరిగా గుర్తులేదు' అని తప్పించుకునేవాడు. ముప్ఫై ఏళ్లు చూసినవాడు కాబట్టి చెవులతో లెక్కగట్టి, కళ్లతో చూసినట్టు చెప్పాడు. అడ్డమొచ్చిన ఆ ఇద్దరూ బహుశా వేరే ఏడాది ఆటలోంచి వచ్చి ఉంటారు.

"ఆ పడిపోయిన గుర్రం ఇంకా ఉందా?" అనడిగాను వెళ్లబోతూ.

"లేదు సార్. ఎందుకు?"

"తర్వాత చెప్తాను. నీకు చెప్పాల్సిన మనిషి వేరే, నిన్న చెప్పాలనుకున్నాడు."

*

పాలిష్ సెక్రటరీగారి గదిలో ఒక్కడే ఉన్నాడు. నేను తిన్నగా పోయి, ఒక కుర్చీ ఎక్కి, గోడమీది కర్ర దించాను.

"గురువుగారూ! అది ముట్టుకోకూడదు. కేసేస్తారు."

"వెయ్యనీ. పట్టుకో నన్ను, కింద పడతాను."

పట్టుకున్నాడు. అలవాటు. రుమాలుతో కర్ర పట్టుకుని బల్లమీద పెట్టాను. కొయ్యతలకి ఒక కొసన పాత ఆకుపచ్చ రంగు, పెచ్చులుపెచ్చులుగా. గోడవైపుకి తిరిగి ఉండే రెండో కొసన రంగే లేదు. గీకి, కడిగిన పచ్చి కొయ్య. జేబులోంచి కవరు తీసి నా పెచ్చు పక్కన పెట్టాను.

"ఇది జీన్ల గదిలో, మేస్త్రి పెట్టె కింద దొరికింది."

వాడు వంగి చూశాడు. వాడికి పని వచ్చు. ఇంక వివరించనక్కర్లేదు. అయినా వాడి నోరు ఊరుకోదు కదా.

"ఎవరైనా తీసుకెళ్లి ఉండొచ్చు," అన్నాడు.

"ఉండొచ్చు. పోలో క్లబ్బులో కర్ర పట్టుకుని నడిచేవాణ్ణి ఎవడు చూస్తాడు? అందుకే నిన్నడుగుతున్నాను. ఆఖరి గోల్ ఎటు పడింది?"

"చెప్పాను కదా. గడియారం వైపు."

"ట్యాంకు వైపు పడింది. కొట్టినవాడు చెప్పాడు. మోచెయ్యి కూడా చూపించాడు."

వైపులు మారే సంగతీ, ఊరికే ఇచ్చిన గోల్ సంగతీ, గంటల సంగతీ చెప్పాను. చెబుతున్నంతసేపూ వాడు తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"ఆయన పొరబడ్డాడు, ముసలాయన," అన్నాడు.

"ముసలాయన పొరబడితే సరే. నువ్వూ అదే పొరబాటు, అదే మాటల్లో ఎలా పడ్డావురా? ఇద్దరూ చూసి ఉంటే ఒక్కడికైనా కళ్లుండాలి కదా. నిన్న సగం స్టాండు లేచి కేకలేసిందట, దేనికి?"

వాడు ఒక బూటుని ఇంకో కాలి పంట్లాంకి రుద్దుకున్నాడు.

"మీ ఆవిడకి ఆఫీసు. అమ్మాయిని స్కూలునుంచి తెచ్చేది నువ్వు. నిన్న ఎవరు తెచ్చారు?"

వాడు కూర్చున్నాడు. నేను కూర్చోమనకుండా నా ముందు వాడు కూర్చోవడం అదే మొదలు.

"నేనే," అన్నాడు. "ఆటకి రాలేదు గురువుగారూ. సాయంత్రం శవం దొరికాక వచ్చాను. 'నేను స్టాండులోనే అటూ ఇటూ తిరిగాను, ఒంటరివాణ్ణి, పోలీసులు ముసలివాణ్ణి చూసి ఆడుకుంటారు, పక్కన ఉన్నావని ఒక్క మాట చెప్పు' అన్నాడు. పెద్దమనిషి. ఒక్క మాటే కదా అనుకున్నాను. గోల్ సంగతి ఆయనే చెప్పాడు, నమ్మకంగా ఉంటుందని."

"నిన్ను పనిలో పెట్టుకుంది ఎప్పుడు?"

"నిన్ననే. ఫోన్ చేశాడు."

"ఎప్పుడని అడిగాను."

"అమ్మాయి కోసం స్కూలు గేటు దగ్గర ఉన్నాను. మూడున్నర బెల్లు కొట్టి పిల్లలు బయటికొస్తున్నారు, ఆ గోలలో సరిగా వినపడలేదు. 'క్లబ్బుకి పోలీసులు వస్తారు, సాయంత్రం నువ్వు ఇక్కడ ఉండాలి' అని..."

వాడి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"వచ్చారు అన్నాడా," అన్నాను నెమ్మదిగా, "వస్తారు అన్నాడా?"

బయట గుర్రం ఒకటి సకిలించింది. పాలిష్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"వస్తారు అన్నాడు."

"మూడున్నరకి మేస్త్రి టీలో చక్కెర తక్కువైందని అంటున్నాడు. బతికున్న మనిషి హత్యకేసు ఒప్పుకున్నావు నువ్వు."

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయో, నా కళ్లే అలసిపోయాయో తెలియలేదు.

"ఇది రాసిస్తే నా లైసెన్సు పోతుంది గురువుగారూ."

"పోతుంది."

"జైలు కూడానా?"

"నేను చెప్పలేను. రాయకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు. చొక్కా కొనుక్కొచ్చినవాడు వెళ్తాడు."

వాడు బల్లమీదున్న కాగితం తనవైపు లాక్కున్నాడు. నేను స్టేషన్‌కి ఫోన్ చేశాను. కుర్రాణ్ణి కోర్టుకి పంపకండి, సెక్రటరీగారిని పిలిపించండి అని చెప్పడానికి. రైటరు ఎత్తాడు, గుసగుసగా.

"పిలిపించక్కర్లేదు సార్, ఇక్కడే ఉన్నారు. క్లబ్బు తరఫున కుర్రాడికి లాయర్ని కూడా తెచ్చారు. పెద్ద సారు ఎదురుగానే కూర్చోబెట్టారు. కుర్రాడు ఒప్పుకుంటున్నాడు సార్."

"ఏం ఒప్పుకుంటున్నాడు?"

"కోపంలో కొట్టానని. ఒప్పుకుంటే వదినకి ఆ ఇల్లు బతికున్నంతకాలం ఉంచుతారట. లేకపోతే రేపే ఖాళీ చెయ్యాలట. కాగితం చదివి వినిపిస్తున్నారు, అయిపోవచ్చింది."

స్టేషన్ ఇక్కడికి దూరం. నా కాళ్ల సంగతి నాకు తెలుసు. కిటికీలోంచి మేస్త్రి భార్యని కేకేశాను. ఆవిడ పరిగెత్తుకొచ్చింది. రెండు ముక్కల్లో చెప్పి ఫోన్ చేతిలో పెట్టాను.

"రైటరూ, నీకు ఇద్దరు ఆడపిల్లలు కదయ్యా? వాళ్లమీద ఒట్టు. ఈ ఫోన్ తీసుకెళ్లి కుర్రాడి చెవి దగ్గర పెట్టు. ఎవరేమన్నా నా పేరు చెప్పు."

అడుగుల చప్పుడు. తలుపు. ఎవరో గద్దించారు. తర్వాత ఒక సన్నటి గొంతు, "వదినా?"

"ఒరేయ్," అంది ఆవిడ. ఇంతసేపూ లేని గట్టి గొంతు. "నీ పేరు పోతే నా పేరు ఉన్నట్టా అని ఆయన ఎందుకన్నాడో మర్చిపోయావా? నాకు ఇల్లొద్దు. పెన్ను కింద పెట్టు. నువ్వు సంతకం పెడితే ఆ కొత్త చొక్కా ఆయనకి తొడగను, చెప్తున్నా."

ఫోన్లో ఏదో నేలమీద పడి దొర్లిన చప్పుడు. కుర్రాడి ఏడుపు. ఆ వెంటనే ఎవరో ఫోన్ లాక్కున్నారు. ఆవిడ అదిరిపడి ఫోన్ నా చేతికిచ్చింది.

"ఇన్‌స్పెక్టర్!" సెక్రటరీగారి గొంతు. "ఏంటీ తమాషా? ఎక్కడున్నారు మీరు?"

నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్లి కూర్చున్నాను. ఎత్తు వీపు కుర్చీ, మెత్తటి దిండు. ఎదురుగా పాలిష్ తలెత్తకుండా రాసుకుంటున్నాడు.

"మీ కుర్చీలో," అన్నాను. "మొదటి కెప్టెన్ కర్ర మీ బల్లమీదే ఉంది. మా పెద్ద సారు ఎదురుగానే ఉన్నారు కదా, నిన్న ఆఖరి గోల్ ఎటు పడిందో ఇంకొక్కసారి చెప్పండి."

అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆయన మళ్లీ గంట దెబ్బలు లెక్కపెట్టుకుంటున్నాడు.